తేజస్‌కి మన ఇంజినే పెట్టలేమా? ఒక పాత ఇంజిన్ ఫిట్టర్ జవాబు

ఇందుకూరుపేట నుంచి ఒక రొయ్యల రైతు అడిగిన ప్రశ్న ఇది. "మన తేజస్ యుద్ధ విమానాలు తయారై కూడా అమెరికా ఇంజిన్లు రాక షెడ్డులో నిలబడ్డాయని పేపర్లో చదివాను. పక్కనే శ్రీహరికోట నుంచి చంద్రుడి దాకా రాకెట్లు పంపిస్తున్నాం. ఒక విమానం ఇంజిన్ చేసుకోలేమా? బయట కొనేది మానేసి మనదే పెట్టుకుంటే పోదా సార్? మావాడు ఇంటర్ చదువుతున్నాడు, వాడూ ఇదే అడుగుతున్నాడు."

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. ఇప్పుడు ఎగురుతున్న విమానాలకి, ఇప్పుడు కడుతున్న విమానాలకి బయటి ఇంజినే కొనాలి. కావాల్సిన దానికంటే కొన్ని ఎక్కువే కొని పెట్టుకోవాలి. వచ్చే తరం విమానం కోసం మన ఇంజిన్ మీద ఈరోజు నుంచే డబ్బు పొయ్యాలి. రెండూ ఒకేసారి జరగాలి. ఒకటి ఆపి ఇంకొకటి అన్నామంటే రెండూ చెడతాయి.

ఇంకో మాట. ఇంజిన్ మీద ఏ దేశం పేరు కొట్టి ఉందో నేను పెద్దగా పట్టించుకోను. అది చెడిపోతే ఎక్కడ విప్పుతారు, లోపలి బ్లేడు ఎవరు పోస్తారు? నేను అడిగేది ఇదే. కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేనెవరో చెప్పుకోవాలి కదా. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. డిజైన్ చేసినవాణ్ణి కాదు, పెద్ద ఇంజినీర్‌ని అంతకన్నా కాదు. రష్యా వాళ్ల మిగ్ ఫైటర్ల ఇంజిన్లు దించడం, ఎక్కించడం, గ్రౌండ్ రన్ చెయ్యడం అంటే నేల మీదే నడిపి చూడటం, ఆయిల్లో ఇనుప రజను కోసం వెతకడం, ఇదీ నా పని. ఇప్పుడు కావలిలో ఉంటున్నా. తమ్ముడి రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, బాగుచేస్తూ పొద్దుపుచ్చుతున్నా. కాబట్టి మీ భాషా నాకు కొంచెం తెలుసు.

శ్రీహరికోట సంగతి ముందు తేల్చేద్దాం. అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిందనుకోండి, మన మాటల్లో మాత్రం ఇంకా నెల్లూరుదే. ఎవరితో ఇంజిన్ మాట ఎత్తినా మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

రాకెట్ ఇంజిన్ గొప్పదే, ఎవరు కాదంటారు? కానీ దాని ఉద్యోగం కొన్ని నిమిషాలు. పీఎస్‌ఎల్‌వీ రెండో అంచెలో మండే వికాస్ ఇంజిన్ రెండున్నర నిమిషాల్లో పని ముగించుకుని సముద్రంలో పడిపోతుంది. మళ్లీ దాన్ని ఎవరూ విప్పి చూడరు. ఫైటర్ ఇంజిన్ అలా కాదు, వేల గంటలు బతకాలి. అదీ బస్సు ఇంజిన్‌లా ఒకే వేగంతో పోతూ కాదు. గంట ఎగిరే లోపల పైలట్ థ్రాటిల్‌ని పదుల సార్లు ముందుకి తోస్తాడు, వెనక్కి లాగుతాడు. తోసిన ప్రతిసారీ లోపలి లోహం కాగి సాగుతుంది, లాగిన ప్రతిసారీ చల్లబడి ముడుచుకుంటుంది. పట్టుకుని పదే పదే వంచితే తీగ తెగినట్టు లోహానికీ అలుపొస్తుంది. మా లాగ్‌బుక్కుల్లో అందుకే గంటలతో పాటు ఈ ఎక్కుడు దిగుడులు కూడా లెక్క రాస్తారు.

అయినా రాకెట్లోనైనా మనం ఒక్కరోజులో నేర్చుకున్నామా? వికాస్ ఇంజిన్ మూలం ఫ్రాన్స్ వాళ్ల వైకింగ్ ఇంజిన్. క్రయోజెనిక్, అంటే అతి చల్లటి ద్రవ ఇంధనంతో మండే రాకెట్ ఇంజిన్, కథ అయితే మీకు తెలిసే ఉంటుంది. 1991లో రష్యాతో ఒప్పందం కుదిరింది. 1993లో అమెరికా ఒత్తిడితో టెక్నాలజీ ఇవ్వడం ఆగిపోయింది. చివరికి ఏడు రెడీమేడ్ ఇంజిన్లు వచ్చాయి. 2001 ఏప్రిల్ 18న మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎగిరింది రష్యా ఇంజిన్‌తోనే. మన సొంత క్రయోజెనిక్ పెట్టి 2010 ఏప్రిల్ 15న ప్రయోగిస్తే పోయింది. 2014 జనవరి 5న గెలిచింది. లెక్కేసుకోండి, ఇరవై ఏళ్లకు పైనే. ఆ ఇరవై ఏళ్లు ఇస్రో వాళ్లు బయటి ఇంజిన్ మానేసి మడి కట్టుకుని కూర్చోలేదు. వచ్చినవాటితో ఎగరేస్తూ, పక్కన మనది చేసుకుంటూ పోయారు. నా జవాబు కూడా అంతే.

ఇక అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం.

జెట్ ఇంజిన్‌లో ముందున్న కంప్రెసర్ గాలిని పిండుతుంది. మధ్యలో ఇంధనం మండుతుంది. ఆ మంటల గాలి వెనకున్న టర్బైన్ బ్లేళ్లని తిప్పుకుంటూ బయటికి తన్నుకుపోతుంది. ఆ టర్బైన్ మొదటి వరసలో బ్లేడు బొటనవేలంత ఉంటుంది, మహా అయితే అరచేతిలో సగం. దాని మీదికొచ్చే గాలి వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. బ్లేడు పోసిన నికెల్ లోహమేమో సుమారు 1,350 దగ్గరే కరిగిపోతుంది. అంటే తను కరిగే వేడికి పైన అది నిలబడాలి. పోనీ కుదురుగా నిలబడితే చాలా? నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగాలి. ఆ తిరుగుడుకి ఒక్కో బ్లేడుని బయటికి లాగే బలం టన్నుల్లో ఉంటుంది.

మరి కరగకుండా ఎలా ఉంటుంది? బ్లేడు లోపల సన్నటి దారులు ఉంటాయి. కంప్రెసర్ నుంచి కొంచెం గాలి దొంగిలించి ఆ దారుల్లోకి పంపుతారు. అది బ్లేడు ఒంటి మీది సూదిబెజ్జాల్లోంచి బయటికొచ్చి పల్చటి దుప్పటిలా కప్పుకుంటుంది. పైన పింగాణీ జాతి పూత ఒకటి. ఇంత చేసినా మామూలుగా పోత పోసిన లోహం ఆగదు. ఎందుకో చెప్తా. బెల్లం అచ్చు పగలగొట్టి చూడండి, పలుకులు పలుకులుగా విడిపోతుంది. పలుకుకీ పలుకుకీ మధ్య అతుకు బలహీనం. మామూలు లోహమూ లోపల అలాంటి పలుకులే. వేడిలో, లాగుడులో ఆ అతుకుల దగ్గర జారడం మొదలుపెడుతుంది. పటికబెల్లం ముక్క చూడండి, పలుకుల్లేవు, ఒకే స్ఫటికం. ఈ కాలపు మంచి ఇంజిన్లలో బ్లేడుని అలా పోస్తారు, మొత్తం బ్లేడు ఒక్కటే స్ఫటికంగా. సింగిల్ క్రిస్టల్ అంటారు. అచ్చులో లోహాన్ని పైనుంచి కాకుండా కింది నుంచి నిదానంగా, గంటకి ఇన్ని అంగుళాలని లెక్క ప్రకారం గట్టిపడనివ్వాలి. కొంచెం తొందరపడితే పక్కన ఇంకో పలుకు మొలుస్తుంది, ఆ బ్లేడు చెత్తబుట్టలోకే.

ఈ పని ప్రపంచంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే పూర్తిగా వచ్చు. మనకు అసలు రాదని కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్ అని రక్షణ శాఖ లోహాల ల్యాబ్ ఉంది కదా, వాళ్లు 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ బ్లేళ్లు చేసి, విమానాలు కట్టే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్‌కి ఇచ్చారు. పక్కనే మిధాని ఉంది, టైటానియం, నికెల్ మిశ్రమ లోహాలు పోస్తుంది. అరవై బ్లేళ్లు చెయ్యగలిగిన చేతులు వేలల్లో చెయ్యాలి, అన్నీ ఒకేలా రావాలి. ల్యాబ్‌కీ ఫ్యాక్టరీకీ తేడా అక్కడే తెలుస్తుంది.

కావేరి సంగతి అడుగుతారని తెలుసు. తేజస్ కోసం బెంగళూరులోని రక్షణ శాఖ ఇంజిన్ ల్యాబ్ జీటీఆర్ఈ మొదలుపెట్టిన మన ఇంజిన్ అది. 1989లో 382 కోట్లు మంజూరు చేశారు, 1996 చివరికల్లా అయిపోవాలన్నారు. 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. కారణం ఒక్క ముక్కలో: బరువెక్కువ, బలం తక్కువ. వెనక మంట పెట్టినప్పుడు, అంటే ఆఫ్టర్‌బర్నర్‌తో, 81 కిలోన్యూటన్లు నెట్టాలని అనుకున్నారు, 70 దగ్గర ఆగింది. 1,100 కిలోలు తూగాలనుకుంటే 1,235 తూగింది. కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల నెట్టుడు అనుకోండి. మరోపక్క తేజస్ కూడా అనుకున్న దానికంటే బరువు పెరిగింది. ఇంజిన్ నీరసపడి, విమానం లావెక్కితే సంబంధం కుదురుతుందా? తేజస్‌కి పెట్టిన అమెరికా ఎఫ్-404 ఇంజిన్ 84 కిలోన్యూటన్లు ఇస్తుంది.

దీన్ని చాలామంది చేతకానితనం అంటారు. నేను ఒప్పుకోను. కావేరిని మనవాళ్లు మన ఎండల్ని మనసులో పెట్టుకుని గీశారు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట రన్‌వే మీద నిలబడినవాడికి ఆ సంగతి పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. ఆ వేడిలోనూ బలం తగ్గకూడదని కావేరిని అలా రూపొందించారు. ఆలోచన మంచిదే. కానీ పైన చెప్పిన బ్లేళ్లు చేతిలో లేవు. పై ఎత్తుల్లో గాలి ఎలా ఉంటుందో కింద సృష్టించి పరీక్షించే షెడ్డు దేశంలో లేదు. ఇంజిన్‌ని తగిలించుకుని ఎగిరే పరీక్షా విమానం లేదు. కావేరిని 2010లో రష్యా తీసుకెళ్లి ఇల్యూషిన్-76కి కట్టి ఎగరేశారు. ప్రతి పరీక్షకీ ఇంజిన్‌ని సర్దుకుని పరాయి దేశం పోయి, వాళ్లు ఖాళీ అయినప్పుడు మన వంతు కోసం కూర్చోవాలి. లోపం దొరికితే మళ్లీ బెంగళూరు. వైద్యం ఒక ఊళ్లో, రక్త పరీక్ష ఇంకో దేశంలో అయితే రోగం ఎప్పటికి కుదురుతుంది?

డబ్బు సంగతీ చూద్దాం. కావేరి మీద మొత్తం దాదాపు రెండు వేల కోట్లు అయింది. 2024 సెప్టెంబర్‌లో రష్యా డిజైన్ ఫైటర్లు సుఖోయ్-30ల కోసం 240 ఇంజిన్లకి హెచ్‌ఏఎల్‌తో చేసుకున్న ఒప్పందం 26 వేల కోట్లు. ఒక్కోటి 108 కోట్లు పడింది. అంటే పాతికేళ్లు ఒక దేశం ఇంజిన్ నేర్చుకునేదానికి పెట్టిన ఖర్చుతో ఇవాళ పద్దెనిమిది సుఖోయ్ ఇంజిన్లు వస్తాయి. అప్పటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కాదు, ఒప్పుకుంటా. అయినా ఆ లెక్క వేసుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కోప్పడాల్సింది తక్కువ పెట్టినందుకు.

ఆ 240 ఇంజిన్లు ఎందుకు కావాల్సి వచ్చాయని ఎవరూ అడగరు. ఇంజిన్ ఒకసారి కొని వదిలేసేది కాదు. సుఖోయ్ ఇంజిన్ ఏఎల్-31ఎఫ్‌పిని వెయ్యి గంటలకు విప్పి ఓవర్‌హాల్ చెయ్యాలి, రెండు వేల గంటలకి దాని ఆయుష్షు చెల్లు. అదీ మామూలుగా చెప్పే లెక్క. విమానం బాడీ ఆరు వేల గంటలు ఎగురుతుంది. రెండు ఇంజిన్ల విమానం, మూడు జతలు, ఆరు ఇంజిన్లు. అలాంటి విమానాలు మనం 272కి పైగా ఆర్డర్ ఇచ్చాం. ట్రాక్టర్ బాడీ అదే ఉండి ఇంజిన్ రెండుసార్లు మార్చినట్టు. విమానం కొన్నరోజే మనం ముప్పై ఏళ్ల ఇంజిన్ బిల్లుకి సంతకం పెట్టినట్టు లెక్క.

ఈ సుఖోయ్ ఇంజిన్లు ఒడిశా కోరాపుట్ దగ్గర సునాబెడలో హెచ్‌ఏఎల్ తయారు చేస్తుంది. మిగ్-21 ఇంజిన్ల కాలం నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీ. కొత్త ఒప్పందంలో దేశీ సరుకు సగటున 54 శాతం పైన, చివరికొచ్చేసరికి 63 శాతానికి తెస్తామన్నారు. మరి ఇది మనదా, బయటిదా? డిజైన్ రష్యాది. సగానికి పైగా ఇక్కడే అవుతుంది. అందుకే "దేశీయా, విదేశీయా" అని రెండు గడులు గీసి కూర్చోవడం నాకు నచ్చదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. డబ్బాలో వచ్చింది బిగించడం ఒక మెట్టు. ఇక్కడే ఓవర్‌హాల్ చెయ్యడం ఇంకో మెట్టు. ముడి లోహం నుంచి భాగాలు చెయ్యడం ఆపైది. కొత్త ఇంజిన్‌ని తెల్లకాగితం మీద గీయడం పైమెట్టు.

మీ భాషలో చెప్తా. వనామి రొయ్య 2009లో మన దగ్గరికి వచ్చింది. చెరువు మనది, నీళ్లు మనవి, మేత ఇక్కడే తయారవుతుంది, రొయ్య పిల్లల్ని పుట్టించే హ్యాచరీలు మన తీరం పొడుగూతా ఉన్నాయి. తల్లి రొయ్యలు మాత్రం అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నై క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాత హ్యాచరీకి చేరతాయి. వాళ్లు తల్లిని అమ్ముతారు. ఆ తల్లిని తయారుచేసిన వంశాన్ని, ఎన్నో తరాల ఎంపికని అమ్మరు. ఇంజిన్ టెక్నాలజీ బదిలీ అన్నా ఇదే. 2023 జూన్‌లో ఎఫ్-404 కంటే బలమైన ఎఫ్-414 ఇంజిన్ ఇక్కడ తయారు చేసేదానికి, ఆ ఇంజిన్ల అమెరికా కంపెనీ జీఈ, మన హెచ్‌ఏఎల్ సంతకాలు చేశాయి. 80 శాతం దాకా టెక్నాలజీ వస్తుందని చెప్పారు. మంచిదే, రానివ్వండి. బ్లేడుని ఎలా కొయ్యాలో, ఎలా పూత పెట్టాలో చెప్తారు. ఆ కొలతే ఎందుకు, ఆ మిశ్రమమే ఎందుకు అన్నది చెప్పరు. ఆ ఎందుకు తెలిసినవాడే రేపు ఇంకో ఇంజిన్ గీయగలడు.

బయటివాడి మీద ఆధారపడితే ఏమవుతుందో నేను చేతులారా చూశాను. 1991 చివర్లో మా మిగ్‌లు చేసిన సోవియట్ యూనియన్ ముక్కలైంది. ఒక భాగం ఒక దేశంలో, ఇంకో భాగం ఇంకో దేశంలో మిగిలిపోయింది. ఎవరికి ఉత్తరం రాయాలో కూడా తెలియని రోజులు. మా లైన్‌లో ఒక విమానం చిన్న ఇంధన పైపు కోసం నెలల తరబడి ఆగింది. పక్క విమానంలోంచి తీసి దీనికి పెట్టాం. తర్వాత ఇంకోదానికి ఇంకేదో కావాల్సి వచ్చి అందులోంచే తీశాం. అలా ఒక్కో భాగం కోసేసుకున్న విమానాన్ని మేం క్రిస్మస్ ట్రీ అనేవాళ్లం. చివరికి ఆ విమానం ఎగరాలంటే దానికి కావాల్సిన లిస్టు రెండు పేజీలు వచ్చింది. మా సీనియర్ ఒకాయన దాని ముక్కు మీద చెయ్యేసి "దీన్ని అందరూ తిన్నార్రా" అనేవాడు.

1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే, తేజస్ మీద అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు సామాను అక్కడే వదిలేసి తిరిగి రావాల్సి వచ్చింది. అంతకుముందుది ఇంకా విచిత్రం. 1978లో స్వీడన్ తన విగెన్ ఫైటర్‌ని మనకి అమ్మాలనుకుంది. విమానం స్వీడన్‌ది. అయినా అమెరికా వద్దంది, అమ్మకం ఆగింది. ఎందుకంటే దాని ఇంజిన్‌కి మూలం అమెరికా ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్. పేరు ఎవరిదైనా, ఇంజిన్ మూలం ఎవరి చేతిలో ఉంటే తాళంచెవి వాళ్లదే.

పేపర్లో మీరు చదివిన ఆలస్యానికి వద్దాం. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకి దాదాపు 48 వేల కోట్ల ఆర్డర్. ఆ ఆగస్టులో వాటికి 99 ఎఫ్-404 ఇంజిన్లకి 5,375 కోట్ల ఒప్పందం. మొదటి ఇంజిన్ 2025 మార్చిలో వచ్చింది, అనుకున్న దానికంటే రెండేళ్లు ఆలస్యంగా. అమెరికా కావాలని తొక్కిపెట్టిందని వాట్సాప్‌లో తిరిగింది. జీఈ చెప్పిన కారణం వేరే: ముందు ఆర్డర్ చేసిన 65 ఇంజిన్లు 2016 కల్లా ఇచ్చేశారు, మళ్లీ ఆర్డర్ లేక ఆ లైన్ మూసేశారు, ఐదేళ్లు పడావు పడిన లైన్‌ని మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఇందులో మన తప్పు కూడా ఉంది తమ్ముడూ. రెండు పంటలు సీడు, అంటే రొయ్య పిల్లల్ని, తీసుకోకుండా ఉండి, మూడోసారి పొద్దున్నే పోయి ట్యాంకులు నింపమంటే హ్యాచరీవాడు ఏం చేస్తాడు? 2025 నవంబర్‌లో ఇంకో 113 ఇంజిన్లకి సంతకం చేశారు, కొత్తగా ఆర్డరైన 97 విమానాల కోసం. ఈసారైనా ఖాళీ రాకుండా చూసుకున్నారు, అది మంచి పని.

కాబట్టి బయటిది కొనొద్దు అని గోల చేసేవాళ్లతో నాకు పేచీ. 2025 సెప్టెంబర్ 26న ఆఖరి మిగ్-21లు రిటైరయ్యాయి. 42 స్క్వాడ్రన్లు, అంటే ఫైటర్ దళాలు, ఉండాల్సిన చోట 29కి వచ్చాం. మన ఇంజిన్ వచ్చేదాకా ఆగుదామంటే ఆ గ్యాపులో ఎవరు ఎగరాలి?

తేజస్‌లో ఎఫ్-404 పీకేసి వేరేది పెట్టొచ్చు కదా అని కొందరు తేలిగ్గా అంటారు. ఏరేటర్ మోటారు మార్చినట్టు అనుకుంటారు. ఇంజిన్ బరువు మారితే విమానం తూకం మారుతుంది. అది పీల్చే గాలి మారితే ముందున్న గాలిదారి మార్చాలి. బిగించే చోట్లు, గేర్‌బాక్స్, కంట్రోల్ సాఫ్ట్‌వేర్, అన్నీ మారతాయి. ఎఫ్-414 పెడదామనుకున్నందుకే మార్క్-2 అని ఇంకా పొడుగైన వేరే విమానం గీయాల్సి వచ్చింది. మా కాలంలో మిగ్-21 ఇంజిన్ దించాలంటే విమానం తోక సగాన్ని ఊడదీసి వెనక్కి లాగాల్సి వచ్చేది. అదే ఇంజిన్‌ని మళ్లీ అదే విమానంలో పెట్టేదానికే అంత తతంగం.

సొంత ఇంజిన్ చేసుకున్న ఫ్రాన్స్ ఏం చేసింది? రఫేల్ నమూనా విమానం 1986లో మొదటిసారి ఎగిరినప్పుడు దానికున్నవి అమెరికా ఎఫ్-404లు. తేజస్‌లో ఉన్న జాతే. వాళ్ల ఎం-88 తయారయ్యాక 1990లో దాన్ని ఒక పక్క పెట్టి ఎగరేసి చూసుకున్నారు. రెండో పక్క అమెరికాదే. చైనా కూడా అంతే. జె-10కి, మొదట్లో జె-20కి రష్యా ఇంజిన్లే. వందల్లో కొంటూ, ఇంట్లో డబ్ల్యూఎస్-10 మీద ఏళ్ల తరబడి తంటాలు పడి, కుదిరాక మార్చుకున్నారు.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే తప్పవుతుంది. దేశీ సరుకు అనగానే చప్పట్లు కొట్టొద్దు. బయటి నుంచి రాని ఒక రబ్బరు సీలుని ఒకసారి ఇక్కడి చిన్న వర్క్‌షాపులో చేయించారు. పేరు చెప్పను. చూసేదానికి అచ్చం అసలుదే, కొలత వేసినా తేడా లేదు. గ్రౌండ్ రన్‌లో ఇరవై నిమిషాలకి కింద తడి కనపడింది. ఇంజిన్ ఆపి విప్పితే ఆ సీలు ఇంధనంలో నాని ఉబ్బిపోయి ఉంది, నీళ్లలో వేసిన శనగగింజలా. వాళ్లు కొలత చూశారు, రబ్బరు జాతి చూడలేదు. గాల్లో అయితే ఏమయ్యేదో ఆలోచించొద్దు. కానీ కథ అక్కడ ఆగలేదు. మా ఆఫీసర్ ఒకాయన కోపంతో ఆర్డర్ రద్దు చెయ్యకుండా, ఆ వర్క్‌షాపు వాళ్లని పిలిపించి ఉబ్బిన సీలు చేతిలో పెట్టాడు. ఆర్నెల్లు తిరిగారు. నాలుగో రకం రబ్బరు నిలబడింది. నేను రిటైరయ్యేదాకా మళ్లీ ఆ సీలు బయటి నుంచి తెప్పించిన గుర్తు లేదు.

నా మాట వినేవాళ్లుంటే ఏం చెయ్యమంటానో చెప్తా. స్పేర్ ఇంజిన్లు లెక్కకి మించి కొని పెట్టాలి. ఆంక్షలొచ్చినా రెండేళ్లు ఎగరగలగాలి. కొనే ప్రతి ఇంజిన్‌కీ ఓవర్‌హాల్ ఇక్కడే జరగాలని మొదటి కాగితంలోనే రాయించుకోవాలి, తర్వాత బతిమాలితే ఎవరూ ఇవ్వరు. పై ఎత్తుల పరీక్షా కేంద్రం, ఎగిరే పరీక్షా విమానం, ఈ రెండూ ఏ ఇంజిన్‌తోనూ ముడిపెట్టకుండా ముందే కట్టి పెట్టుకోవాలి. కావేరిని అటకెక్కించకుండా, ఆఫ్టర్‌బర్నర్ లేకుండా దాదాపు 50 కిలోన్యూటన్లు ఇచ్చే దాన్ని పైలట్ లేని విమానాల కోసం నడపాలనుకుంటున్నారు, అది సరైన దారి. మనిషి లేని చోట ఇంజిన్ నేర్చుకోనివ్వండి. 2025 ఆగస్టులో రక్షణ మంత్రి చెప్పినట్టు ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో కలిసి చేసే కొత్త ఇంజిన్‌లో మనవాళ్లు గీత గీసే బల్ల దగ్గర కూర్చోవాలి. బిగించే షెడ్డులో మాత్రమే అయితే మళ్లీ తల్లి రొయ్యల కథే.

మీవాడి గురించి అడిగారు కాబట్టి ఒక మాట. అందరూ ఏరోనాటికల్ అంటారు, కంప్యూటర్స్ అంటారు. ఇంజిన్ మీద నిజంగా మనసుంటే మెటలర్జీ చూడమనండి. వరంగల్ ఎన్‌ఐటీలో ఉంది. కావేరి ఆగింది ఎక్కువగా లోహం దగ్గరే.

మీ ఉత్తరం కింద మీవాడు ఇంకో ప్రశ్న పెట్టాడు: 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలతో ట్రయల్ చేసినప్పుడు రోడ్డుని అన్నిసార్లు ఎందుకు ఊడ్చారు అని. బాబూ, జెట్ ఇంజిన్ పెద్ద వ్యాక్యూమ్ క్లీనర్ అనుకో. ముందున్న గులకరాయినీ, బోల్టునీ, మేకునీ లోపలికి లాగేస్తుంది. రోజూ పొద్దున్నే మేం రన్‌వే మీద అడ్డంగా వరసగా నిలబడి, ఆఫీసర్లు కూడా కలిసి, తల వంచుకుని రాళ్లు ఏరుకుంటూ నడిచేవాళ్లం. సుఖోయ్ నేల మీదుంటే గాలిదారిలో జల్లెడ లాంటిది అడ్డం లేస్తుంది. మిగ్-29కి తలుపే మూసుకుని పైనున్న సందుల్లోంచి గాలి పీలుస్తుంది. తేజస్‌కి అలాంటివేమీ లేవు, కాబట్టి దానికోసం ఇంకా శుభ్రంగా ఊడవాలి. అయినా ఒక్కోసారి రాయి పోతుంది. అప్పుడు సన్నటి కెమెరా గొట్టాన్ని లోపలికి దూర్చి ఒక్కో బ్లేడూ చూస్తాం. అంచు కొరుక్కుపోయి ఉంటే ఆ గాటు లోతు కొలుస్తాం. పుస్తకంలో రాసిన హద్దు లోపల ఉంటే సన్నటి ఆకురాయితో నునుపు చేసి వదిలేస్తాం. హద్దు దాటితే రాత్రి ఎంతైనా ఇంజిన్ దించాల్సిందే.